టోపీ సేవకుని నేరం



ఈ వారం మీకొక పాత తగవు చెబుతాను. తీర్పు మీరే ఇవ్వాలి.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో చైనా ఒకే దేశంగా లేదు. అనేక రాజ్యాలుగా చీలి ఉండేది. వాటిలో హాన్ అనే చిన్న రాజ్యాన్ని జావో అనే ప్రభువు ఏలుతుండేవాడు. ఒకనాడు ఆయన మద్యం మత్తులో ఉన్నచోటనే ఒరిగి నిద్రపోయాడు. ఆయన చలికి గురవుతున్నాడని టోపీని చూసుకునే సేవకుడు గమనించి, ఒక వస్త్రం తెచ్చి మీద కప్పాడు. మెలకువ వచ్చిన ప్రభువు సంతోషించి, ఇది ఎవరు చేశారని అడిగాడు. టోపీ సేవకుడని చెప్పారు. వెంటనే ప్రభువు ఇద్దరిని శిక్షించాడు. వస్త్రాల సేవకుణ్ణి తన పని చేయనందుకు. టోపీ సేవకుణ్ణి తనది కాని పని చేసినందుకు.

ఎంత అన్యాయం అంటారు కదూ? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఈ కథను మనకు అందించిన హాన్ ఫెయ్ అనే రాజనీతి పండితుడు ఆ ప్రభువును మెచ్చుకుంటూనే దీన్ని రాశాడు. చలి ప్రభువుకు ఇష్టమై కాదు, ఎవరి హద్దు వారు దాటడం చలికంటే పెద్ద ప్రమాదమని ఆయన వాదం. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయకూడదు. ఈనాడు ప్రేమతో దుప్పటి కప్పినవాడు, రేపు ప్రేమ పేరు చెప్పి ఖజానా తాళంచెవి అడగవచ్చు. రాజసభలలో కుట్రలన్నీ "ప్రభువుల మేలు కోరి" అనే మాటతోనే మొదలవుతాయి. మన విచారణలలో మాత్రం అలాంటివారు లేరా? పఠనం చదవవలసినవారు ఒకరైతే ముందుగా లేచి నిలబడేవారు మరొకరు. లెక్కలు రాసేవారు ఒకరైతే చందా సొమ్ము చేతబట్టేవారు ఇంకొకరు. అడిగితే, దేవుని సేవే కదా అంటారు. కాబట్టి హద్దులు అవసరమే.

మర్యాద కూడా అవసరమే. యేసు సభ గురువు మత్తెయో రిచ్చి 1601లో పేకింగు రాజధానిలో ప్రవేశించారు. చక్రవర్తి ఆయనకు ఎన్నడూ ముఖాముఖి దర్శనమివ్వలేదు. రాజు లేని ఖాళీ సింహాసనం ముందే ఆ రాజసభ పద్ధతి ప్రకారం మోకరించి వందనం చేయవలసి వచ్చింది. రిచ్చి గురువు చేశారు. ఆ దేశపు మర్యాదను గౌరవించకుండా ఆ దేశపు మనుషులను ప్రేమించడం సాధ్యం కాదని ఆయనకు తెలుసు. 1610లో ఆయన మరణించినప్పుడు, ఆ కఠిన నియమాల రాజసభే, పరదేశీయుడైన ఆయన సమాధికి రాజధానిలో స్థలం మంజూరు చేసింది.

అయితే నియమం తాను పుట్టిన కారణాన్ని మరచిపోతే ఏమవుతుందో కూడా చైనా చరిత్రే చెబుతుంది. క్రీస్తుపూర్వం 227లో చిన్ రాజ్యపు రాజు దగ్గరకు జింగ్ కో అనేవాడు రాయబారిగా వచ్చాడు. చుట్టిన దేశపటం లోపల కత్తి దాచి తెచ్చాడు. పటం విప్పగానే కత్తి తీసి రాజు మీదకు దూకాడు. రాజు స్తంభం చుట్టూ పరుగెత్తాడు. తన ఒరలోని ఖడ్గం పొడవైనది, చప్పున బయటకు రాలేదు. సభ నిండా మంత్రులున్నారు, కాని సభామంటపంలో ఎవరూ ఆయుధం పట్టకూడదని చట్టం. మెట్ల కింద ఆయుధాలతో భటులున్నారు, కాని రాజు పిలవకుండా పైకి రాకూడదని చట్టం. ప్రాణం దక్కించుకునే తొందరలో రాజుకు పిలిచే తీరిక లేదు! రాజును కాపాడటానికి చేసిన చట్టమే రాజును ఒంటరిగా వదిలివేసింది. అప్పుడు షియా వూజూ అనే రాజవైద్యుడు తన చేతిలోని మందుల సంచిని హంతకుని మీదకు విసిరాడు. ఆ కొద్ది క్షణాల వ్యవధిలో రాజు ఖడ్గం దూసి బ్రతికాడు. ఆరేళ్ళ తర్వాత ఆ రాజే చైనా మొదటి చక్రవర్తి అయ్యాడు. వైద్యునికి బంగారం బహుమానంగా ఇచ్చాడు.

చూశారా? ఒక రాజసభలో తనది కాని పని చేసినవాడికి శిక్ష. మరొక రాజసభలో తనది కాని పని చేసినవాడికి బంగారం. ఇంతకీ ఏది ధర్మం?

పవిత్ర గ్రంథంలోనూ మనకొక రాజసభ కనిపిస్తుంది. పిలుపు లేకుండా పారశీక రాజు లోపలి ఆవరణంలో కాలుపెట్టిన వారికి, రాజు తన బంగారు దండాన్ని చాపితే తప్ప, మరణదండన. రాణికైనా అదే నియమం. ఎస్తేరు ఆ నియమాన్ని ఎరిగి ఉండీ, తన ప్రజల ప్రాణాల కోసం గడప దాటింది. ఆమె అలంకరించుకొని, ఉపవాసముండి, భయపడుతూ వెళ్ళింది. నియమాన్ని తృణీకరించలేదు. నియమం కంటే పెద్దదైన అవసరం ఎదురుగా నిలిస్తే, తన ప్రాణాన్ని పణంగా పెట్టి దాన్ని దాటింది.

మన ప్రభువు కూడా విశ్రాంతి దినాన ప్రార్థనా మందిరంలో ఊచచేయి గలవాణ్ణి మధ్యకు పిలిచి, మేలు చేయడం ధర్మమా, కీడు చేయడం ధర్మమా అని అక్కడివారిని అడిగారు. వారు మౌనంగా ఉండిపోయారు. ఆ మౌనం ఆయనకు కోపమూ దుఃఖమూ తెప్పించిందని మార్కు సువార్త చెబుతుంది. వారు ఆ రోగిని కొట్టలేదు, తిట్టలేదు. నోరు మూసుకున్నారు, అంతే.

ఆ మౌనం సంగతి నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం దివ్యపూజలో గురువుగారు దివ్య అప్పాన్ని పైకెత్తుతున్న సమయం. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. స్త్రీల వైపు ఒక ముసలమ్మ గోడకు జారగిలబడి ఒరిగిపోవడం మొదట చూసినవాణ్ణి నేనే. అయినా కదలలేదు. ఆ సమయంలో లేవకూడదు. పైగా అది ఆడవాళ్ళ వైపు, వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను. బలిపీఠం దగ్గర గంట కొట్టే కుర్రవాడు మాత్రం గంట కింద పెట్టి, పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆమె నోట్లో పోశాడు. ఆమె తేరుకుంది. పూజ అయ్యాక వాకిట్లో పెద్దవారొకరు ఆ కుర్రవాణ్ణి అందరి ముందు మందలించారు. గంట వదిలి రావడమేమిటి, ఆడవాళ్ళ మధ్యకు దూరడమేమిటి అని. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఆ కుర్రవాడు మళ్ళీ గంట ముట్టలేదు.

హాన్ రాజ్యపు కథ చదివినప్పుడు నాకు టోపీ సేవకుని మీద జాలి కలిగింది. తర్వాతగాని తెలియలేదు, ఆ కథలో నా స్థానం అతనిది కాదని. నేను వస్త్రాల సేవకుణ్ణి. చలికి వణికే మనిషి కనిపించినా, ఏదో ఒక నియమం చాటున నిద్రపోయినవాణ్ణి.

మరి హాన్ ఫెయ్ భయానికి జవాబేమిటి? ప్రేమ పేరుతో హద్దు దాటేవారిని, నిజమైన ప్రేమతో దాటేవారిని ఎలా గుర్తుపట్టాలి? నాకు తోచిన మూడు ప్రశ్నలు చెబుతాను. మొదటిది: అతడు హద్దు దాటింది ఎదుటివాని అవసరానికా, తన పెత్తనానికా? రెండవది: ఆ పని చేయవలసినవారు వచ్చేదాకా ఆగగలిగిన అవసరమా అది? మూడవది: పని అయ్యాక అతడు తన చోటికి తిరిగి వెళ్ళాడా, లేక అక్కడే పీట వేసుకున్నాడా? టోపీ సేవకుడు వస్త్రాల కొలువు అడగలేదు. వైద్యుడు సేనాధిపతి పదవి అడగలేదు. మా కుర్రవాడు నీళ్ళ గ్లాసు కింద పెట్టి మళ్ళీ తన చోటికే వెళ్ళి మోకరించాడు. చందా సొమ్ము విషయంలో హద్దు దాటేవారు ఈ మూడింటిలో ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేరు. కాబట్టి వారి విషయంలో నియమాన్ని సడలించనక్కరలేదు.

ప్రార్థన మధ్యలో పేదవాని పిలుపు విని లేచి వెళ్ళడం దేవుణ్ణి విడిచిపెట్టడం కాదని పునీత విన్సెంట్ దె పాల్ తన మఠకన్యలకు బోధించారు. 1983లో ప్రకటింపబడిన శ్రీసభ చట్టగ్రంథంలోని చిట్టచివరి నియమం, 1752వది, ఆత్మల రక్షణే శ్రీసభలో అన్నిటికంటే పైచట్టమని గుర్తుచేస్తుంది. అన్ని నియమాలు చెప్పి, చివరగా ఆ మాటతో పుస్తకం మూయడం గమనించండి. నియమాలను కాదనడానికి ఆ మాట పెట్టలేదు. అవి ఎవరి కోసమో మరువకుండా ఉండటానికి పెట్టారు.

తల్లిదండ్రులారా, పిల్లలకు గుడి మర్యాద నేర్పండి. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో నేర్పండి. దానితోపాటు ఎప్పుడు లేచి పరుగెత్తాలో కూడా నేర్పండి. అలా పరుగెత్తిన పిల్లవాణ్ణి ఎవరైనా మందలిస్తుంటే, మీరు పక్కనుంటే, నాలాగా ఊరుకోకండి. "బాబూ, నువ్వు చేసింది మంచిపని" అని అందరూ వినేటట్లు అనండి. ఆనాడు నేను అనవలసిన మాట అదే. ఆలస్యంగానైనా ఇక్కడ అంటున్నాను.