అంతర్వేది యాత్ర - దాటించినవారి ఋణము

దేనిచేత దాటుదురో అది తీర్థము. నదిని దాటించు రేవునకును, సంసారమును దాటించు క్షేత్రమునకును ఒకటే పేరు చెల్లినది. అయితే తీర్థఫలము స్థలమునందున్నదా, లేక యాత్రికుని నడవడియందున్నదా? గోదావరీ సాగరసంగమమున వెలసిన అంతర్వేది ఈ విచారమునకు తగిన చోటు.

వసిష్ఠ, వైనతేయ అను గోదావరీశాఖలకును సముద్రమునకును నడుమ నొదిగిన చిన్న గ్రామమిది. బ్రహ్మదేవుడు రుద్రయాగమునకు వేదికగా చేసికొన్నందున అంతర్వేది యైనదని స్థలపురాణము. హిరణ్యాక్షుని కుమారుడు రక్తవిలోచనుడు వసిష్ఠమహర్షిని బాధింపగా, నరహరి వచ్చి వానిని సంహరించెను. వాని రక్తము తడిపిన ఇసుకరేణువుల సంఖ్యకు సమానముగా రాక్షసులు పుట్టునట్లు వానికి వరము కలదట. అహంకారమును అట్టిదే. ఒక్క బొట్టు నేలబడిన చాలు, వేయిగా మొలకెత్తును. "యాత్ర చేసితిని" అను గర్వము ఆ బొట్టులలో నొకటి.

పడమటినుండి వచ్చు భక్తులు పంచారామములలో ఒకటైన క్షీరారామమును పాలకొల్లులో సేవించి, నరసాపురము చేరుదురు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు ఈ రెండు పట్టణములందును వ్యాపారము చేసిరి. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు ఒక నూలుబట్టకు పేరై దేశాంతరములకు పోయినది. ఆ బట్ట నేసినవారి పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు. నేటికిని ఆ ప్రాంతపు గృహములలో స్త్రీలు సూదిపట్టి లేసు అల్లుచున్నారు. కొనువారు పువ్వును చూతురు గాని, వంగిన వెన్నును చూడరు.

నరసాపురము రేవున పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవున దిగు యాత్రికుని స్థితియు ఇంతే. అతని చూపు ఆవలియొడ్డుననే యుండును. దాటించువాడు కంటబడడు. "రేవుసుంకము చెల్లించితిమి గదా, ఇంకేమి ఋణము?" అని కొందరందురు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కూలి ఎగవేయుట దోషము, చెల్లించుట ధర్మము. కాని కూలి శ్రమకు మాత్రమే వెల. గౌరవమునకు వెల లేదు. కావున సుంకముతో ఆ ఋణము తీరదు.

శ్రీరాముడు గంగాతీరమున గుహుని కానుకలను స్వీకరింపలేదు. గుఱ్ఱములకు మేత మాత్రమే అడిగెను. కాని అంతకుముందే ఆ నిషాదపతిని కౌగిలించుకొనెను. ఇచ్చి పుచ్చుకొనుటకు మించిన ఆదరమొకటి కలదని ఆ కౌగిలి చెప్పుచున్నది.

అంతర్వేది ఆలయమే ఇందుకు సాక్షి. నేటి ఆలయమును కట్టించిన కొపనాతి కృష్ణమ్మ, జలమే జీవనముగాగల అగ్నికులక్షత్రియుడు. ఆ నిర్మాణము 1823లో పూర్తియైనది. 2020 సెప్టెంబరులో స్వామి రథము అగ్నికి ఆహుతి కాగా, 2021 ఫిబ్రవరికి కొత్తరథము సిద్ధమైనది. కొయ్యను చెక్కిన చేతులు లేక రథము లేదు, లాగు భుజములు లేక రథోత్సవము లేదు.

మాఘశుద్ధ దశమిరాత్రి లక్ష్మీనరసింహుని కల్యాణము, మరునాడు భీష్మైకాదశికి రథోత్సవము జరుగును. అప్పుడు నది దాటువారు గర్భాలయమున చేతులు జోడించుటకు ముందే, రేవున ఒక మంచిమాట పలికినయెడల యాత్ర అచ్చటనే ఆరంభమగును. సర్వాంతర్యామిని కొలువబోవువానికి, దారిలో ఆయన కనబడిన చోట్లన్నియు విడిచిపెట్టుట తగునా? దాటించినవానిని మరచినవాడు ఆవలియొడ్డు చేరినను, తీర్థము చేరినవాడు కాడు.