కోత ఎవరిది?

బాదరాయణుడి బ్రహ్మసూత్రాల్లో ఒక వడ్రంగి ఉన్నాడు. రెండో అధ్యాయం మూడో పాదంలో, పని చేసేది జీవుడా, అతనికి అమరిన పరికరాలా అన్న చర్చ నడుస్తుండగా ఒక పొట్టి సూత్రంలో కనిపించి వెళ్ళిపోతాడు. పేరూ ఊరూ లేవు. అయినా శంకరులు, రామానుజులు, మధ్వులు ముగ్గురూ అతణ్ణి తమ తరఫు సాక్షిగా పిలిచారు. అతను ముగ్గురికీ మూడు రకాలుగా సాక్ష్యం చెప్పాడు.

శంకరుల వడ్రంగి చేతిలో బాడిసె ఉన్నంతసేపూ కర్త; ఆ శ్రమా అతనిదే. పనిముట్లు పక్కన పెట్టి ఇల్లు చేరాక కర్త కాడు, సుఖంగా ఉంటాడు. ఆత్మ సంగతీ అంతే. మనసు, ఇంద్రియాలు తోడైనప్పుడే దానికి కర్తృత్వం. అది సహజ స్వభావమే అయితే నిప్పును వేడి వదలనట్టే ఆత్మను వదలదు, మోక్షమన్న మాటకే చోటుండదు. రామానుజుల వడ్రంగి ఇంకో రకం. పనిముట్లు ఎదురుగా ఉన్నా మనసైతే చేస్తాడు, కాకుంటే ఊరుకుంటాడు. కాబట్టి కర్త జీవుడే. జడమైన బుద్ధే కర్త అయితే, దానికి ఇష్టాయిష్టాలు లేవు కనుక పని ఎన్నటికీ ఆగకూడదు. మధ్వుల వడ్రంగికైతే పైన చేయించేవాడున్నాడు. చెప్పేది ఒకరు, చేసేది అతను, రెండూ నిజమే.

ఈ ముగ్గురికీ తెలిసిన పనిముట్టు చెయ్యి కదిపితేనే కదిలేది. 1946లో ఆ లెక్క కొంత మారింది. స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా కంపెనీ ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్ కుట్టుమిషన్‌లో సూది తీసేసి, ఆ స్థానంలో రంపపు బ్లేడు బిగించాడు. మరుసటి ఏడు అది లెస్టో పేరుతో బజారుకొచ్చింది. చేత్తో పట్టుకు తిరిగే నేటి జిగ్‌సాకు మూలం అదే. దాని బ్లేడు నిమిషానికి సుమారు 3000 సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని ఆడించడానికి మనిషి కండ అక్కర్లేదు. మరి ఆ కోతకు కర్త ఎవరు?

కొత్తగా జిగ్‌సా పట్టినవాడు ఈ ప్రశ్నకు తెలియకుండానే జవాబిస్తాడు, ఎక్కువగా తప్పు జవాబు. కోసేది తానే అనుకుని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లోకి మిషన్‌ను బలంగా తోస్తాడు. పైన చూస్తే కోత గీత మీదే ఉంటుంది. పలక తిరగేస్తే కింద గీత దాటి పక్కకు పోయి ఉంటుంది. బ్లేడును పట్టి ఉంచేది పై కొన ఒక్కటే. కింది కొసకు ఆధారం లేదు కనుక తోసినా, పక్కకు నొక్కినా అది వంగుతుంది. వంపు తిప్పేటప్పుడు ఇంకా ఎక్కువ. నేర్పంతా తోయకపోవడంలోనే ఉంది. మిషన్ అడుగుపలకను చెక్కకు ఆనించి, బ్లేడు చెక్కను తాకకముందే ట్రిగ్గర్ నొక్కి, వేగం అందుకున్నాక మెల్లగా ముందుకు పోనివ్వాలి. బ్లేడు తిన్నంతే ఇవ్వాలి.

ఇంకో చిత్రం ఉంది. మామూలు జిగ్‌సా బ్లేడుకు పళ్ళు పైకి చూస్తుంటాయి. అది పైకి లేచేటప్పుడు కోస్తుంది. అందుకే పెచ్చులు లేచేది పై ముఖాన. సన్‌మైకా అంటించిన అందమైన వైపు కిందికి పెట్టి, వెనక వైపు గీత గీసి కోస్తే నలుగురూ చూసే ముఖం శుభ్రంగా ఉంటుంది. పలకను క్లాంపులతో బల్లకు బిగించి, కోత గీత బల్ల అంచుకు బయట పడేలా చూసుకోవాలి. మధ్యలో కిటికీలా కోయాలంటే ముందు బ్లేడు పట్టేంత బెజ్జం డ్రిల్లుతో వేసి అక్కణ్ణుంచి మొదలెట్టాలి. ఇవన్నీ వ్యర్థంగా పడున్న ముక్క మీద నేర్చుకోవలసినవి. కళ్ళద్దాలు మాత్రం మొదటి కోత నుంచే ఉండాలి.

రామానుజుల వాదానికి జిగ్‌సా దాదాపు ప్రయోగశాల. చాలా మిషన్లకు ట్రిగ్గర్ పక్కన తాళపు బటన్ ఒకటుంటుంది. అది నొక్కితే వేలు తీసేసినా బ్లేడు ఆడుతూనే ఉంటుంది. గీత అయిపోయినా, కింద బల్ల తగిలినా, సొంత వైరే అడ్డొచ్చినా దానికొకటే. జడం కర్త అయితే ఆగదన్న మాట ఇక్కడ కళ్ళకు కడుతుంది. ఆపాలన్న సంకల్పం పట్టుకున్నవాడిదే కనుక కర్తృత్వాన్ని మిషన్ మీదికి నెట్టడం కుదరదు. ‘మిషన్ పక్కకు పోయిందండీ’ అన్న మాట వర్క్‌షాపుల్లో తరచూ వినబడేదే గానీ, తత్త్వశాస్త్రంలో నిలిచేది కాదు.

మధ్వుల వడ్రంగిని చూడాలంటే ఏ కొత్త అపార్ట్‌మెంట్‌కైనా వెళ్ళవచ్చు. కోరిక ఇంటివారిది, డ్రాయింగ్ డిజైనర్‌ది, కోత వడ్రంగిది. తలుపు వంకరైతే మాట పడేది మాత్రం వడ్రంగే. పరాధీనుడైనా బాధ్యుడే! ఈ కర్తృత్వం కూడా పరమాత్మ నుంచే వస్తుందని తర్వాతి సూత్రం చెబుతుంది. అయినా చేసినవాడికి మినహాయింపు లేదు.

మరి శంకరులు? పనిముట్టును కింద పెట్టే రోజు తెలుగు వడ్రంగి పంచాంగంలోనే ఉంది. దసరా ఆయుధపూజకు ఉలి, బాడిసె, చిత్రికలకు పసుపు కుంకుమలు పెడతారు; కరెంటు మిషన్లకూ బొట్టు పడుతుంది. జడానికి పూజేమిటని నవ్వేవారు ఉండవచ్చు గానీ, పని ఆగినా మనిషి మిగిలే ఉంటాడని ఏడాదికి ఒకసారైనా గుర్తుచేసే పండుగ అది. అయితే శంకరులు తన పోలికకు హద్దు కూడా తానే గీశారు. వడ్రంగి చేతులతో పనిముట్టు తీసుకుంటాడు, పెడతాడు; అవయవాలే లేని ఆత్మ మనసును అలా పట్టుకోవడం, వదలడం ఉండదు. ఆ నిజాయితీ ముచ్చటైనది. కానీ కోత బల్ల దగ్గర, బ్లేడు ఆడుతుండగా, పనికొచ్చే పక్షం రామానుజులదే.

తాళపు బటన్ పడి ఉన్న జిగ్‌సాకు ప్లగ్గు పెట్టగానే అది తనంతట తాను మొదలుకావచ్చు. కాబట్టి బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకండి. మళ్ళీ పెట్టే ముందు ఆ బటన్ ఎలా ఉందో ఒక్కసారి చూడండి.