యముడింట మూడు రాత్రులు

ఎంఐటీ వాళ్లు ఏటా ఏప్రిల్‌లో, సీటొచ్చిన పిల్లల్ని ఓ వారాంతం పిలిచి తమ దగ్గర ఉంచుకుంటారు. క్యాంపస్ ప్రివ్యూ వీకెండ్ అంటారు. ఈసారి మా మనవరాలు వెళ్లింది. సీనియర్ల హాస్టల్ గదుల్లో పడక, ద్రవ నైట్రోజన్‌తో చేసిన ఐస్‌క్రీం, అర్ధరాత్రి దాటినా ఆగని సందడి. మే 1లోగా వస్తామో రామో తేల్చి చెప్పాలి. ర్యాంకు చూసుకుని వెబ్ ఆప్షన్లు పెట్టుకునే మన పిల్లల్ని ఇంతగా బతిమాలేది ఎవరు? ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు తప్ప!

సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కనక నాకు కఠోపనిషత్తులోని నచికేతుడు గుర్తొచ్చాడు. అతనూ ఓ కొత్తచోట మూడు రాత్రులున్నాడు. తిండి లేదు, ఇంటాయన యముడు ఊళ్లో లేడు. తిరిగొచ్చాక, అతిథిని పస్తుంచానే అని నొచ్చుకుని రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. చచ్చాక మనిషి ఉంటాడా లేడా, అదీ మూడో కోరిక. అదొక్కటి వద్దు నాయనా అని ఏనుగులు, బంగారం, నూరేళ్లు బతికే కొడుకులు, రథాలెక్కిన అప్సరసలు, అన్నీ ఆశ చూపాడు యముడు. రేపటిదాకా ఉండేవేగా, నీ దగ్గరే ఉంచుకోమన్నాడు కుర్రాడు. శ్రేయస్సూ ప్రేయస్సూ రెండూ మనిషి ముందుకొస్తాయి, వివేకి పరీక్షించి శ్రేయస్సునే కోరుకుంటాడని యముడు చెప్పింది ఆ తర్వాతే.

సరే, దేంతో పరీక్షించాలి? ఎల్.ఎ. పాల్ అనే తత్త్వవేత్త 2014లో ‘ట్రాన్స్‌ఫర్మేటివ్ ఎక్స్‌పీరియెన్స్’ పుస్తకంలో ఇక్కడే ముడి వేసింది. నువ్వు రక్తపిశాచివి అయ్యే అవకాశం వచ్చిందనుకో, అయితే మళ్లీ వెనక్కి రాలేవు. అయినవాళ్లంతా బ్రహ్మాండమంటున్నారు. కానీ అయ్యాక నీ ఇష్టాలే మారిపోతాయి. ఇప్పటి ఇష్టాలతో అప్పటి బతుకును ఎలా తూస్తావు? గది పంచుకునే ఆ సీనియర్లూ బ్రహ్మాండమనే అంటారు. అబద్ధమాడతారని కాదు. అలా అనగలిగేట్టు మారినవాళ్లే వాళ్లు. ఇమడలేక వెళ్లిపోయినవాళ్లు అతిథుల్ని ఆహ్వానించడానికి అక్కడుండరు కదా.

నచికేతుడు నెగ్గింది వైరాగ్యంతో అని పండితులంటారు. నేనొప్పుకోను. అంత వైరాగ్యమున్నవాడు మొదటి వరంగా తండ్రి కోపం తగ్గాలని కోరతాడా? అతను ఇంటి నుంచే ఓ ప్రశ్న మోసుకొచ్చాడు. దానికి జవాబు కానిదేదీ, ఏనుగైనా సరే, అతనికి అక్కర్లేకపోయింది. అంతే.

అందుకే బయల్దేరేముందు మనవరాలికి చెప్పాను: ‘‘మార్కుల సంగతి అడక్కు. మొదటి సెమిస్టర్‌లో తప్పినా రికార్డుకెక్కదని వాళ్లే చెప్తారు. ఇక్కడికొచ్చాక ఏం మానేశావని అడుగు.’’

‘‘అలా అడిగితే ఏం బావుంటుంది తాతయ్యా?’’ అంది గానీ అడిగింది. గదిలో చోటిచ్చిన అమ్మాయి కాసేపు ఆలోచించి, వయొలిన్ అందిట. మానేసినందుకు బాధ కూడా లేదు, అదే వింతగా ఉందందిట.

మా పిల్లకి ఆ మాట మింగుడు పడలేదు. తను చిన్నప్పట్నుంచీ వీణ నేర్చుకుంటోంది. చేరేదీ లేనిదీ ఇంకా చెప్పలేదు కానీ, హాస్టల్ గదుల్లో వీణ పట్టేంత చోటుంటుందా అని కాలేజీకి మెయిల్ పెట్టింది.