విద్యాదానము: దాత యెవరు?

దానములన్నింటిలో విద్యాదానము గొప్పదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. అన్నము పెట్టినచో ఆ పూటకు ఆకలి తీరును. అక్షరము చెప్పినచో బ్రదుకంతయు తోడుండును. ఇందు నాకు సందేహము లేదు. సందేహము వచ్చినది వేరొక చోట. అన్నదానమున పెట్టినవాడెవడో, తిన్నవాడెవడో చూచినంతనే తెలియును. విద్యాదానమున అది అంత సులభముగా తేలదు. దాతనని బయలుదేరినవాడు పుచ్చుకొని వచ్చుటయు, పుచ్చుకొనువాడనుకొన్నవాడు ఇచ్చి పంపుటయు ఇందు తరచుగా జరుగుచుండును. ముప్పదియైదేండ్లు ఆఫీసులో పద్దులు వ్రాసినవాడను గనుక, జమ ఎవరి పేర వ్రాయవలెను, ఖర్చు ఎవరి పేర వ్రాయవలెను అను విచారము నన్నింకను విడువలేదు.

ఈ ప్రశ్న ఇప్పుడు మన యిండ్లలోనికే వచ్చినది. బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో మూడవ, నాలుగవ తరములవారు పెద్ద చదువులు చదివి కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగములు చేయుచున్నారు. సెలవు దొరకినప్పుడు వీరిలో కొందరు వినోదయాత్రలకు పోక, పరదేశమందలి పేదపల్లె బడికి పోయి, నెలదినములు ఉచితముగా పాఠములు చెప్పి వచ్చుచున్నారు. నేపాళము, కాంబోడియా, టాంజానియా మున్నగు పేర్లు వినబడుచున్నవి. ఇందుకు ఏర్పాట్లు చేయు సంస్థలు కలవు. వానికి రుసుము చెల్లింపవలెను. ఉచితముగా పనిచేయుటకు ఎదురు డబ్బు కట్టుట మా తరమువారికి వింతగా తోచును గాని, ఆ వింతను ప్రస్తుతము ప్రక్కన నుంచెదను.

మా అన్నగారి మనుమరాలు ఇట్లు నాలుగు వారములు నేపాళమునకు పోయి వచ్చినది. మనవారికి పాస్‌పోర్టు అక్కరలేని పరదేశమది. ఓటరు గుర్తింపు కార్డు చూపిన చాలును. గోర్ఖా జిల్లాలో కొండమీది పల్లె. 2015 ఏప్రిలు 25వ తేదీ నాటి భూకంపమునకు కేంద్రము ఆ జిల్లాయే. దాదాపు తొమ్మిదివేలమంది మరణించిన ఆ విపత్తులో వేలకొలది బడిగదులు కూలిపోయినవి. ఈ పల్లె బడియు అట్లే కూలి, తరువాత రేకుల కప్పుతో మరల లేచినది. అమ్మాయి వచ్చి చెప్పిన సంగతులు కొన్ని నా మనస్సున నిలిచిపోయినవి.

మొదటి దినముననే ఆమె ఇంగ్లీషు పాట ఒకటి నేర్పబోగా, పిల్లలందరును ఆమెకన్న ముందే, అభినయముతో సహా దానిని పాడి వినిపించిరట. అంతకుముందు వచ్చినవారు అదే పాట నేర్పి పోయిరి. వారికి ముందు వచ్చినవారును అదియే. నెలకొక గురువు మారుచు, వచ్చిన ప్రతి గురువును మొదటి పాఠముతోనే మొదలుపెట్టుచున్నచో, పిల్లవాడు ఐదవ తరగతికి వచ్చినను మొదటి పాఠమునందే యుండును. పిల్లలు మర్యాద తెలిసినవారు గనుక ప్రతిసారియు క్రొత్తగా నేర్చుకొన్నట్లే కూర్చుండెడివారట.

అంతకన్న బరువైన సంగతి మరియొకటి. ఆ తరగతికి ఒక ఉపాధ్యాయుడు కలడు. ప్రతిదినము గంటన్నరసేపు కొండ యెక్కి వచ్చును. ఈమె తరగతి పుచ్చుకొన్నన్నాళ్ళు ఆయన వసారాలో బల్లమీద కూర్చుండెను. ఆయనకు ఇంగ్లీషు వచ్చును గాని ఈమెవలె ధారాళముగా రాదు. మూడవ వారమున ఒక పిల్లవాడు, ఆయన వినుచుండగనే, "సార్‌కు ఇంగ్లీషు రాదు, దీదీకే వచ్చు" నని నవ్వెనట. అమ్మాయి ఈ మాటను తన మెప్పుగా చెప్పుకొనలేదు. మొగము చిన్నబుచ్చుకొని చెప్పినది. నాలుగు వారములు కాగానే దీదీ విమానమెక్కును. సార్ ఆ పల్లె పిల్లలతోనే ఇంకెన్నియో యేండ్లు గడుపవలెను. అన్నియేండ్లు పాఠము చెప్పుటకు ఆయనకున్న పెట్టుబడి పిల్లల గౌరవమే. అందులోనుండి కొంత తరిగిపోయినది. ఆ ఖర్చు ఏ సంస్థవారి రశీదులోను కానరాదు.

ఒక మంచి గడియ లేకపోలేదు. నేపాళీ లిపి దేవనాగరియే. మన బడిలో మూడవ భాషగా హిందీ చదివినందున ఈమెకు అక్షరములు తెలియును, అర్థము తెలియదు. ఒక మధ్యాహ్నము పిల్లల నేపాళీ వాచకము తీసికొని గట్టిగా చదువనారంభింపగా, రెండవ తరగతివారు చుట్టును మూగి, తప్పులు దిద్దుచు, అర్థములు చెప్పుచు, పడిపడి నవ్విరట. అంతవరకు నోరు మెదపని ఒక బాలిక ఆ దినమున వరుసగా పది మాటలకు అర్థము చెప్పినదట. ఆ గంటలో గురువెవరో, శిష్యులెవరో చదువరులే చెప్పవలెను.

ఇట్టి యాత్రలను గూర్చి కఠినముగా మాటలాడినవారు పూర్వమే కలరు. వియన్నాలో పుట్టి, క్రైస్తవ మతగురువై, మెక్సికోలో నివసించిన ఇవాన్ ఇల్లిచ్, ఆ దేశపు పల్లెలలో సేవచేయదలచిన అమెరికా విద్యార్థులనుద్దేశించి 1968 ఏప్రిలులో ప్రసంగించెను. చూచుటకు రండు, చదువుకొనుటకు రండు, ఉపకారము చేయుటకు మాత్రము రావలదని ఆయన చెప్పిన దాని సారాంశము. సేవ చేయదలచినచో మీ భాష తెలిసిన మీ దేశపు పేదలకు చేయుడు, నచ్చనిచో వారు మిమ్ములను పొమ్మని తిట్టగలరు, ఈ పల్లెవారికి ఆ వీలుకూడ లేదని ఆయన వాదము. వచ్చినవానిని పొమ్మనగల శక్తి పుచ్చుకొనువానికి ఉండవలెనను ఈ విషయము ఎంతయు ఆలోచింపదగినది. కాని ఆయన మాటను పూర్తిగా ఒప్పుకొన్నచో, పరాయివాడెవ్వడును పరాయిబిడ్డకు అక్షరము చెప్పరాదనవలసి వచ్చును. అది మన తెలుగువారి చరిత్రకే సరిపడదు.

ఫిజీ ద్వీపముల సంగతి చూడుడు. 1903 మొదలు 1916 వరకు మద్రాసు నుండి ఓడలలో ఆ చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన దక్షిణాదివారిలో తెలుగువారనేకులు. 1920లో ఆ ఒప్పందములు రద్దయిన పిదప, అచ్చటనే నిలిచిపోయినవారు 1926లో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగమును స్థాపించుకొని, బిడ్డలకు బడులు పెట్టుకొనిరి. స్వదేశపు సహాయమును వారే కోరిరి. ఆ కోరికపై రామకృష్ణ మిషను నుండి 1937లో అవినాశానంద స్వామియు, 1939లో రుద్రానంద స్వామియు వెళ్ళిరి. రుద్రానందులు దశాబ్దములకొలది అచ్చట పనిచేసిరి. పిలిచినవారు పిల్లల తల్లిదండ్రులే. వచ్చినవారు తిరుగు టిక్కెట్టు జేబులో పెట్టుకొని రాలేదు. అయినను అంతటితో చిక్కు తీరలేదు. సంగములో తమిళమునకున్న చోటు తమ భాషకు లేదని తలచిన తెలుగువారు 1941లో రాకిరాకిలో వేరుగా ఆంధ్ర సంగమును నెలకొల్పుకొనిరి. ఎంత మంచి మనస్సుతో నడపినను, ఇంటి మాట వినబడని బడి పిల్లవానికి సగము బడియే. బెంగుళూరు తెలుగువారికి దీనిని నేను వివరింపనక్కరలేదు.

ఈ విషయమున నాకు ప్రమాణముగా తోచు పురుషుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారినందరు నెరుగుదురు. ఇట్టి పాతభాష వ్రాయుచున్న నన్ను చూచినచో వారు ఏమనెడివారో! వారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880 మొదలు ఉపాధ్యాయులు. ఆ యూరు నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో నున్నది. చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. కొండ దగ్గరిదే గాని, భాషను బట్టి చూచిన అది పరదేశమే. సవరభాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు, ముండా కుటుంబమునకు చెందినది. ఆ పిల్లలకు చదువు చెప్పవలెనని తోచినప్పుడు పంతులుగారు చేసిన మొదటిపని చెప్పుట కాదు, నేర్చుకొనుట. తెలుగును సవరయు వచ్చిన యొకనిని ఇంట నుంచుకొని, జీతమిచ్చి, ఆ భాష నేర్చిరి. అనగా మొదటి జీతము ముట్టినది కొండభాష చెప్పినవానికి. పిమ్మట ఆ భాషలో వాచకములు, కథల పుస్తకములు, పాటల పుస్తకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. కొండలలో తిరుగగా వచ్చిన మలేరియాకు క్వినైను పుచ్చుకొని వినికిడి పోగొట్టుకొనిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, అది తమకు వలదనియు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టుడనియు కోరిరి. సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయినవి.

ఒక జీవితకాలపు పనిని కొలబద్దగా తెచ్చి నాలుగు వారముల పనిని కొలుచుట అన్యాయమని యువకులందురు. ఒప్పుకొందును, అందరును గిడుగువారు కాజాలరు. కాని ముందు నేర్చుకొని పిదప నేర్పవలెనను క్రమము నాలుగు వారములకైనను వర్తించును. వాచకము చేతబట్టి తప్పులు చదివిన ఆ మధ్యాహ్నమున మా అమ్మాయి తెలియకయే ఆ క్రమములో అడుగుపెట్టినది.

ఇక 'ఉచితము' అను మాట. 1941లో ఇటలీవారి పాలన తొలగిన పిమ్మట, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ కాలమున ఆ దేశపు బడులకు మన దేశమునుండి వేలకొలది ఉపాధ్యాయులు పోయిరి. మారుమూల ఊళ్ళలో సంవత్సరముల తరబడి లెక్కలు, విజ్ఞానశాస్త్రము, ఇంగ్లీషు చెప్పిరి. వారు జీతమునకై పోయినవారు. ఇంటికి డబ్బు పంపుకొన్నవారు. అయినను ఆ తరపు ఇథియోపియావారు తమ భారతీయ గురువులను నేటికిని ఆదరముతో తలచుకొందురు. జీతము పుచ్చుకొని ఏండ్లకొలది యున్నవాడు దాతయా, రుసుము కట్టి నాలుగు వారములున్నవాడు దాతయా? నా పద్దులో జమ మొదటివాని పేరనే పడును. జీతములో మరియొక మేలు గలదు. సరిగా చెప్పనిచో అడుగుటకు బడివారికి హక్కుండును. ఉచితముగా చెప్పువానిని ఎవరడుగుదురు? నవ్వి, పూలదండ వేసి, బస్సెక్కింతురు.

మా యింటి పెద్దలలో కొందరు, నేపాళమేల, బాగేపల్లి తాలూకాలో తెలుగు మాటలాడు పల్లెలెన్ని లేవు, అక్కడికి పోరాదా యనిరి. బలమైన మాటయే. బెంగుళూరువారి కన్నుల ముందే డాక్టరు హెచ్. నరసింహయ్యగారుండిరి (1920–2005). గౌరిబిదనూరు ప్రాంతపు పల్లెనుండి చదువుకై ఈ నగరమునకు నడచి వచ్చినవారు. అమెరికాలోని ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో డాక్టరేటు పొంది తిరిగివచ్చి, బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టలులో ఒక గదిలో జీవితము గడపుచు, గౌరిబిదనూరులోను బాగేపల్లిలోను కాలేజీలు పెట్టించినవారు. కాని ఆయన పేరు చెప్పి అమ్మాయిని ఆక్షేపించిన మా బంధువులలో బాగేపల్లికి పోయినవారు ఒక్కరును నాకు కనబడలేదు. 'ముందు మన యూరు' అనుట కొందరికి ఏ యూరికిని పోకుండుటకు మార్గము. ఆ డబ్బే పంపరాదా అన్నవారును కలరు. డబ్బు పంపినచో బహుశః పలకలు కొనియుందురు; ఆ బడికి కావలసినది మరియొకటి యని ఎవరికిని తెలిసియుండదు.

తెలిసినది ఎట్లనగా, అమ్మాయి తిరిగివచ్చిన మూడు నెలలకు ఆ ఉపాధ్యాయుడు ఆమెకు ఫోనులో వ్రాసెను. పిల్లలకు పాటలు గాని పుస్తకములు గాని ఆయన కోరలేదు. ఇంగ్లీషు మాటలాడుట తనకు అలవాటు కావలెను. పాఠము తానే తడబడక చెప్పవలెను. అందుకు సాయపడుదువా యని అడిగెను.

"ఆయన నాకంటె ఎంతో పెద్దవారు చిన్నతాతయ్యా, నేనెలా చెప్పను?" అని అమ్మాయి నన్నడిగినది.

"ఆయన చేత నేపాళీ చెప్పించుకో. అప్పుడు ఇద్దరికీ మొగమాటముండదు" అంటిని.

ఇప్పుడు ఆదివారము సాయంకాలము ఏడు గంటలకు ఫోనులో ఒక గంటసేపు పాఠము జరుగుచున్నది. అరగంట ఇంగ్లీషు, అరగంట నేపాళీ. కొండమీద సిగ్నలు అందనినాడు ఆయన దిగువనున్న బజారుకు దిగివచ్చి మాటలాడును. ఈ సంగతి పిల్లలకు తెలియనీయవలదని ఆయన కోరెను. ఆ పల్లె నుండి పిల్లలు ఫోను చేసినప్పుడు కూడ అమ్మాయి ఆ మాట ఎత్తదు.