పొద్దు గ్రుంకక మునుపు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 24:14, 15



ఈ నెల ధ్యానమును మా తప్పిదము ఒప్పుకొనుటతో ఆరంభించుచున్నాము. కొంతకాలము క్రిందట ఆదివార పాఠశాలలో పిల్లలు వాక్యము కంఠస్థము చేయక అల్లరి చేయుచుండగా, మేము విసిగి, "చదువుకొననివాడు చివరకు లారీ డ్రైవరు కావలసినదే" అంటిమి. పిల్లలందరు నవ్విరి. రెండవ వరుసలో కూర్చున్న ఒక చిన్నబిడ్డ మాత్రము నవ్వలేదు. తల వంచుకొని తన గౌను అంచును వ్రేళ్లతో మెలిపెట్టుచుండెను. ఆ బిడ్డ తండ్రి లారీ డ్రైవరని మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను.

ఆ సాయంకాలము వారి యింటికి వెళ్లి, ఆ బిడ్డ యెదుటనే క్షమాపణ అడిగితిమి. ఆ తండ్రి చిన్నగా నవ్వి, "అందరు అనేదే కదా అయ్యగారూ మీరన్నది" అనెను. అతడు కోపపడియుండిన యెడల మాకు ఇంత బాధ కలిగియుండెడిది కాదు.

అందరు అనెడి ఆ మాటను గూర్చియే ఈ నెల మనము ఆలోచింతము. ఈ మాట మన పల్లెలలోనే కాదు, ధనవంతమైన దేశములలోను వినబడుచున్నది. మొదట మనము ఒక పనిని తృణీకరింతుము. తృణీకరింపబడిన పనికి కూలి తగ్గును. కూలి తగ్గిన పనికి ఊరివాడు రాడు. అప్పుడు పరదేశిని పిలుతుము. పిలిచిన తరువాత, నీవెందుకు వచ్చితివని అతనిమీదనే సణుగుదుము. ఈ పాపము ఒక గొలుసువంటిది. చివరి కడియమును మాత్రమే చూచి, మొదటి కడియము మన చేతిలోనే యున్నదని మరచిపోవుచున్నాము.

2021వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇంగ్లండు దేశమున అనేక పెట్రోలు బంకులు వట్టిపోయెను. దేశములో పెట్రోలు లేక కాదు. దానిని చేరవేయు బండ్లకు డ్రైవర్లు చాలకపోయిరి. ఒక లక్ష మంది డ్రైవర్లు తక్కువగా ఉన్నారని అక్కడి రవాణాదారుల సంఘము అంచనా వేసెను. యూరపు సమాఖ్యనుండి ఆ దేశము విడిపోయిన తరువాత తూర్పు యూరపు డ్రైవర్లు అనేకులు తమ దేశములకు వెళ్లిపోయిరి. కరోనా కాలమున కొత్త డ్రైవర్ల పరీక్షలు ఆగిపోయెను. వయస్సు మళ్లినవారు పని మానుకొనిరి. ఆ దేశపు యౌవనులేమో ఈ పనికి రాలేదు. చాలని జీతము, దీర్ఘమైన పనిగంటలు, దారిలో స్నానమునకును నిద్రకును సరియైన చోటు లేకపోవుట, వీటిని చూచి ఎవరు వత్తురు?

అప్పుడు ప్రభుత్వము విదేశీ డ్రైవర్లకు 5,000 తాత్కాలిక వీసాలు ప్రకటించెను. మొదట పెట్టిన గడువు డిసెంబరు 24, అనగా క్రిస్మసుకు ముందు దినము. మా పండుగకు సరకులు మోసి, పండుగనాటికి వెళ్లిపొమ్మని దాని భావము. ఆ గడువును తరువాత పొడిగించిరి గాని, వచ్చినవారు బహు కొద్దిమంది. అక్టోబరు 4వ తేదీనుండి సైనికులే పెట్రోలు బండ్లు నడుపవలసి వచ్చెను.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఫరో మనస్సును గమనించుడి. ఇశ్రాయేలీయులు విస్తరించుచున్నారని అతడు భయపడెను. వారు దేశము విడిచి వెళ్లిపోదురేమో అనియు భయపడెను. అతనికి వారి ఇటుకలు కావలెను గాని వారు అక్కరలేదు. ఫరో చనిపోయి వేల సంవత్సరములైనది గాని ఆ మనస్సు చావలేదు.

అయితే ఊరివాని దుఃఖమును మనము తేలికగా చూడరాదు. అమెరికా దేశపు సంగతి వినుడి. అక్కడ ఒకప్పుడు లారీ డ్రైవరు తన జీతముతో ఇల్లు కట్టుకొని పిల్లలను చదివించుకొనెడివాడు. 1980లో అధ్యక్షుడు కార్టరు కాలమున మోటారు రవాణా చట్టము మారెను. కంపెనీల మధ్య పోటీ పెరిగెను, కిరాయిలు తగ్గెను, కార్మిక సంఘముల బలము తగ్గెను, దానితో కూడ డ్రైవరు కూలియు దిగిపోయెను. అనేకులకు నడిపిన మైళ్లను బట్టియే కూలి. సరుకు ఎక్కించువరకు గంటలకొలది కాచుకొన్న కాలమునకు తరచు ఏమియు రాదు. ఈ విధముగా ఊరివారు విడిచిన చోట పంజాబునుండియు తూర్పు యూరపునుండియు మెక్సికోనుండియు వచ్చినవారు స్టీరింగు పట్టిరి.

2025 ఆగస్టు 12వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రపు రహదారిమీద, మన దేశమునుండి వెళ్లిన ఒక డ్రైవరు తిరుగకూడని చోట తన పెద్ద బండిని త్రిప్పగా, ఒక చిన్న వాహనము దానికి గ్రుద్దుకొని అందులోని ముగ్గురు చనిపోయిరి. తొమ్మిది దినములకు, ఆగస్టు 21వ తేదీన, విదేశాంగ మంత్రి మార్కో రూబియో లారీ డ్రైవర్లకు పని వీసాలిచ్చుటను నిలుపుచున్నామని ప్రకటించెను. పరదేశి డ్రైవర్లవలన ప్రజల ప్రాణములకును, స్వదేశపు డ్రైవర్ల జీవనోపాధికిని హాని కలుగుచున్నదని ఆయన చెప్పిన కారణము.

ప్రియులారా, చనిపోయిన ఆ ముగ్గురికొరకు మొదట మనము దుఃఖపడవలెను. స్టీరింగు పట్టినవాడు ఇతరుల ప్రాణములను చేతిలో పట్టుకొన్నవాడు. దారిలోని గుర్తులను చదువలేనివానికి, సరిగా నేర్వనివానికి, ఏ దేశస్థుడైనను లైసెన్సు ఇయ్యరాదు. ఇది న్యాయమే. అయితే ఒకడు చేసిన తప్పు అతని జాతియంతటి మెడకు కట్టుట న్యాయము కాదు. కూలి దిగజారుట ఆ పరదేశితో మొదలుకాలేదు. అతడు అనేకులవలె దిగిపోయిన కూలికే కుదిరినవాడు. ఊరివాని రొట్టెను తగ్గించిన చెయ్యి వేరొకటి. ఆ చేతికి మాత్రము ఎవరును వీసా అడుగరు.

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. మోషే ధర్మశాస్త్రములో దేవుడు కూలివానినిగూర్చి సెలవిచ్చినప్పుడు, అతడు నీ సహోదరుడైనను నీ గ్రామములలోనున్న పరదేశియైనను అని ఇద్దరిని ఒకే మాటలో చేర్చెను. ఏ దినపు కూలి ఆ దినముననే, పొద్దు గ్రుంకక మునుపు ఇయ్యవలెను. ఏలయనగా అతడు బీదవాడు, దానిమీదనే ఆశ పెట్టుకొనియుండును. ఇందులోని జ్ఞానమును చూచితిరా? ఇద్దరికి ఒకే కూలి, ఒకే గడువు ఉన్నయెడల, ఒకనిని చూపించి రెండవవానిని తగ్గించుట యజమానునికి సాధ్యపడదు. పరదేశికి న్యాయము చేయు ఆజ్ఞయే సహోదరుని కూలికిని కంచెయై యున్నది.

ఈ ఆజ్ఞ మీరబడినప్పుడు ఏమి జరుగునో 2023లో జర్మనీ దేశము చూచెను. డార్మ్‌స్టాట్ పట్టణము దగ్గర గ్రేఫెన్‌హౌజెన్ అను చోట రహదారి ప్రక్కన లారీలు నిలుచు స్థలమున్నది. ఆ వసంతకాలమున 60 మందికి పైగా డ్రైవర్లు తమ బండ్లను అక్కడ నిలిపి, బకాయి కూలి ఇచ్చువరకు కదలమనిరి. వారు జార్జియా, ఉజ్బెకిస్తాను మొదలగు దూరదేశములవారు. పనిచేసినది ఒక పోలండు కంపెనీకి, మోసినది పశ్చిమ యూరపు ప్రజల సరుకు. ఏప్రిలు 7వ తేదీన, అది శుభ శుక్రవారము, కంపెనీ యజమానుడు కవచపు బండితోను కాపలా మనుష్యులతోను వచ్చి లారీలను తీసికొనిపోవ జూచెను. పోలీసులు అతనిని అడ్డగించి, వచ్చినవారిని నిర్బంధించిరి. కార్మిక సంఘములవారును ఆ ప్రాంతపు ప్రజలును డ్రైవర్లకు భోజన పదార్థములు తెచ్చియిచ్చిరి. ఏప్రిలు చివరకు సుమారు 3 లక్షల యూరోల బకాయి వారికి దక్కెను. పట్టబడిన కూలి మొఱ్ఱ దేవుని చెవులకు చేరునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసినది ఇట్టివారి విషయమే. అక్కడి ఊరివారు ఆ పరదేశులను పోటీదారులనక, ఆకలిగొన్నవారనిరి. సువార్త నేర్పునది అదియే.

ఇక మన యింటి సంగతి. మన నిజామాబాదు ప్రాంతమునుండి సౌదీకిని కువైటుకును వెళ్లి ట్రైలర్లు నడుపుచున్న కుమారులు ఎంతమందియో. జీతము నెలలకొలది ఆగిపోయినదని, పాసుపోర్టు యజమానుని చేతిలో చిక్కుకొన్నదని ఫోనులో ఏడ్చిన స్వరములు మన యిండ్లకు క్రొత్త కాదు. అట్టి మనమే, బీహారునుండి వచ్చిన కూలివానిని ఏ కన్నుతో చూచుచున్నాము?

గత పంటకాలమున మా గుడికి దగ్గరలోనున్న రైసుమిల్లు వద్ద లారీ నడుపుచున్న ఒక బీహారు యువకుడు జ్వరముతో బండిలోనే పడియుండెను. ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపెద్ద ఒకరు, "వీళ్లు వచ్చి మన పిల్లలకు పని లేకుండ చేస్తున్నరు" అనిరి. ఆ పని అడిగిన మన పిల్లవాడెవడని మేము అడుగగా ఆయన ఊరకుండిరి. తరువాత నిదానముగా, "ఆ జీతానికి ఎవరు పోతరు అయ్యగారూ? పైగా డ్రైవరుకు పిల్లనెవరిస్తరు?" అనిరి. ఆయన చెప్పినది అబద్ధము కాదు. మునుపు మన ఊరి డ్రైవరుకు ఇచ్చినదానికంటె మిల్లు యజమానుడు ఈ యువకునికి తక్కువే ఇచ్చుచుండెను.

మేము ఇట్లు వాదించుకొనుచుండగానే, కుమారుడు సౌదీలో ట్రైలరు నడుపుచున్న ఒక విధవరాలు ఇంటికి పోయి గంజి కాచి తెచ్చెను. మమ్మును దాటిపోవుచు, "నా కొడుక్కు అక్కడ జ్వరమొస్తే ఎవరి గడపకు పోతడు అయ్యగారూ? ఈ పిల్లగాని తల్లికి నేను బాకీ" అనెను. మేము సెమినరీలో నేర్చిన వేదాంతమంతయు ఆ గంజి గిన్నె యెదుట చిన్నదాయెను. మరునాడు ఆ పెద్దయే మాతో కూడ మిల్లుకు వచ్చి, ఆ యువకుని జీతము విషయమై యజమానునితో మాటలాడిరి. జీతము పూర్తిగా సమము కాలేదు గాని జ్వరపు దినముల కూలి దొరికెను. ఆ పెద్ద ఇంటికి వచ్చుచు, "వాని కూలి పెరిగితేనే మనవాని కూలి నిలుస్తది" అనిరి. ధర్మశాస్త్రపు మాటను ఆయన తన మాటలో చెప్పిరి.

నజరేతువారు మన ప్రభువును చూచి, ఇతడు వడ్లవాడు కాడా అని తృణీకరించిరని మార్కు సువార్త 6వ అధ్యాయము చెప్పుచున్నది. చేతిపనిని చూచినవారు దేవుని కుమారుని చూడలేకపోయిరి. కావున తలిదండ్రులారా, కష్టార్జితమైన ఏ పనినైనను పిల్లలకు భయముగా చూపకుడి. యౌవనులారా, డ్రైవింగు నేర్చిన సరిగా నేర్చుడి. డబ్బిచ్చి లైసెన్సు కొనకుడి, నిద్రమత్తులో బండి నడుపకుడి. ట్రాక్టరునకో లారీకో మనిషిని పెట్టుకొనువారలారా, సహోదరునికిని పరదేశికిని ఒకే కూలి, పొద్దు గ్రుంకక మునుపు ఇయ్యుడి. ఈ నెలనుండి మన గుడి ఆవరణలోని బోరు నీరును, చెట్టు నీడయు దారినపోవు ఏ డ్రైవరుకైనను తెరచియుండునని సంఘపు పెద్దలు తీర్మానించిరి. గేటు తీసియుంచుట మన వంతు.

ప్రార్థన: వడ్లవాని బల్లయొద్ద పనిచేసిన ప్రభువా, మేము నవ్విన పనులనుబట్టియు, మేము పట్టియుంచిన కూలినిబట్టియు మమ్మును క్షమించుము. ఈ రాత్రి ఇంటికి దూరముగా బండిలో నిద్రించువారిని, మా కుమారులను, ఇతరుల కుమారులను, నీ రెక్కల క్రింద కాపాడుము. ఆమేన్.