చెరువుని సంతానం అని ఎందుకన్నారు?

ఈ వారం ఒక ప్రశ్న. దేవుడి పేరు మీద కొత్తగా ఏదైనా కట్టించడం గొప్పా, ఉన్నదాన్ని పాడవకుండా చూసుకోవడం గొప్పా? వినడానికి చిన్న ప్రశ్నే. మా ఇంట్లో మాత్రం దీని మీద రెండు నెలలుగా వాదన నడుస్తోంది.

విషయం ఏంటంటే, తాతయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరుతో మా ఊరి శివాలయానికి ఆర్చి కట్టించాలని నాన్న కోరిక. అదే గుడిలో వాన పడితే గర్భగుడి ముందు నీళ్లు కారుతాయి. ఉన్న డబ్బు ఏదో ఒక్క పనికే సరిపోతుంది.

ఈ వాదనల మధ్యే అందరం కారులో వరంగల్ కోట, రామప్ప గుడి చూడ్డానికి వెళ్లాం. కాకతీయ గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన కోట అది. బయట మట్టిగోడ, కందకం, లోపల రాతిగోడ. ఇంత కాపలా ఉన్నా 1323లో ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. మధ్యలో ఉన్న పెద్ద శివాలయం శిథిలమైపోయింది. చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఒక తోరణం కింద ఆగి నానమ్మ అడిగింది: "ద్వారం బానే ఉంది. లోపల దేవుడేడిరా?"

నాన్న వెంటనే ఏమీ అనలేదు. పాలంపేట చేరాక రామప్ప గుడి దగ్గర ఆయన వంతు వచ్చింది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. "శాసనంలో పేరు చెక్కించబట్టే కదా, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆయన్ని తలచుకుంటున్నాం!" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

కానీ గుడికి కాస్త దూరంలోనే రామప్ప చెరువుంది. అదీ కాకతీయుల కాలానిదే. దాని నీళ్లతో ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. ఏ చెరువూ అన్ని వందల ఏళ్లు దానంతటదే నిలవదు. పూడిక పేరుకుంటుంది, కట్టకి గండి పడుతుంది, తూము పాడవుతుంది. తరతరానా ఎవరో ఒకరు మట్టి మోశారు కాబట్టే అది ఇంకా చెరువుగా ఉంది. ఆ మోసినవాళ్ల పేర్లు మనకి తెలీవు.

మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని చెప్పారు. కొడుకుతో పాటు చెరువు, గుడి, తోట, కావ్యం, అగ్రహారం, నిధి కూడా సంతానమే అన్నారు. మనిషి పోయాక కూడా ఇవి అతని పేరు నిలబెడతాయని దాని అర్థం. నాకు ఇంకోటి కూడా తోచింది. బిడ్డని కనగానే పని అయిపోదు కదా! జ్వరం వస్తే రాత్రంతా మేలుకోవాలి. చెరువైనా, గుడైనా అంతే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా దగ్గర కొత్త ఫీచర్ రిలీజ్ చేసినవాళ్లకి చప్పట్లు కొడతారు. పాత సిస్టమ్ ఆగిపోకుండా అర్ధరాత్రి చూసుకునేవాళ్లు ఎవరికీ గుర్తుండరు. మన సంప్రదాయం మాత్రం ఆ పనికి జీర్ణోద్ధరణ అని పేరు పెట్టి, దానికంటూ ప్రత్యేకంగా ఒక విధి ఏర్పరచింది. ఫలం ఆశించకుండా పని చెయ్యాలని రీల్స్‌లో రోజూ వింటాం. పేరు రాని పని మన చేతికి వచ్చినప్పుడే అది ఎంత కష్టమో తెలుస్తుంది.

పేరు చెక్కించుకోవడం తప్పని నేను అనను. లోపల దేవుడు తడుస్తుంటే బయట పేరు వెలగడం మాత్రం నాకు మింగుడు పడదు. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "మరి మీ తాతని ఊళ్లో ఎవరు గుర్తుపెట్టుకుంటార్రా?" అంటున్నారు. అది అహంకారం కాదు, తండ్రి మీద ప్రేమ. అందుకే జవాబు చెప్పడం కష్టంగా ఉంది. వానాకాలం లోపు కప్పు బాగుచేయిద్దాం, ఆర్చి సంగతి తర్వాత చూద్దాం అని మాత్రం అడిగాను.

ఈసారి మీ ఊరి గుడికి వెళ్తే, దర్శనం అయ్యాక పూజారిగారిని ఒక్క మాట అడగండి: "ఇక్కడ ఏం పాడైందండీ?"

ఓం నమః శివాయ.