పాపవినాశనము – ఆనకట్ట నీరు తీర్థమగునా?

తిరుమలలో శ్రీవారిని సేవించుకొని పాపవినాశనమునకు పోయిన యాత్రికులలో కొందరికి అక్కడ ఒక సందేహము కలుగుచుండును. కొండచరియనుండి దుముకు సెలయేటిని తలచుకొని వచ్చినవారికి కనబడునది ఆనకట్ట, దాని వెనుక అడవి నడుమ నిలిచిన జలాశయము, స్నానఘట్టమున గొట్టములగుండా పడు ధార. కట్ట కట్టి నిలిపిన నీరు తీర్థమెట్లగునని అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే.

సమాధానము అమరకోశములోనే కలదు. తీర్థశబ్దమునకు అమరసింహుడు చెప్పిన అర్థములలో మొదటిది నిపానము. అనగా నూతి ప్రక్కన పశువుల దప్పి తీర్చుటకై మనుష్యులు కట్టిన నీళ్ళతొట్టి. ఋషులు సేవించిన జలము, గురువు అను అర్థములు ఆ పిమ్మటనే వచ్చును. మానవుని చేయి సోకినంతనే తీర్థత్వము పోవుననుట శబ్దార్థము నెరుగనివారి మాట.

ఈ కొండపై నీటిని మోసి కైంకర్యముగా చూపినవారు తిరుమలనంబి. భగవద్రామానుజులకు మేనమామ, శ్రీమద్రామాయణార్థములు ఉపదేశించిన ఆచార్యులు. ఆయన అనుదినము పాపవినాశనమునుండి శ్రీవారి అభిషేకమునకు కడవతో నీరు తెచ్చెడివారు. ముదిమి పైబడినను మానలేదు. ఒకనాడు స్వామి వేటగాని రూపమున వెంటబడి “తాతా, దాహము” అనెను. ఆరాధనకై తెచ్చు నీటిని ఈయనని నంబి సాగిపోగా, వెనుకనుండి బాణముతో కడవకు చిల్లిచేసి నీరంతయు త్రాగివేసెను. వృద్ధుడు విలపింపగా కొండపై మరియొక బాణము విడిచెను. అక్కడ ఆకాశగంగ వెలువడెను. ఆలయమునకు అది పాపవినాశనముకన్న చేరువ. భక్తుని నడక తగ్గించుటకు స్వామియే నీటిదారిని మార్చెనన్నమాట! తన్నీరముదు ఉత్సవమున నేటికిని ఈ కథనే స్మరింతురు.

నంబికి ఒక కడవ చాలెను. నేడు కొండపై దినమునకు సుమారు 43 లక్షల గ్యాలన్ల నీరు కావలెను. గోగర్భము, ఆకాశగంగ, పాపవినాశనము, కుమారధార, పసుపుధార అను అయిదు జలాశయములనుండి లభించునది అందులో 18 లక్షలు మాత్రమే. తక్కినది దిగువ తిరుపతినుండి యంత్రములతో పైకెక్కవలెను. వానలు తగ్గిన 2024వ సంవత్సరము ఆగస్టులో, ఉన్న నీరు 120, 130 దినములకే చాలునని దేవస్థానమువారు భక్తులను పొదుపు కోరవలసివచ్చినది.

అయినను స్నానఘట్టమున సబ్బు నురుగు, ఉతుకు బట్టలు! తీర్థస్నానము మలాపకర్షణ స్నానము కాదు. అది బసలో ముగించుకొని రావలెను. సంకల్పము చెప్పుకొని, గోవిందనామముతో ధార శిరస్సున పట్టి, వెనుక నిలిచిన ముదుసలికి చోటిచ్చి తొలగిన చాలును. ఆమెయు నంబివలె దూరమునుండి నడచి వచ్చినదే.